మరమ్మతు బల్ల: బోర్డు పోయిందని ఎవరన్నారు?

ఆషాఢం వస్తే నల్లగొండలో నా దుకాణం బల్ల మీద చెయ్యి పెట్టడానికి చోటుండదు. తొలకరి ఉరుములకు, వచ్చీ పోయే కరెంటు దెబ్బలకు చుట్టుపక్కల కంప్యూటర్లన్నీ ఒకేసారి మూగబోతాయి. ఈ నెల ఉత్తరాలు కూడా అవే. మదర్‌బోర్డు (కంప్యూటర్ భాగాలన్నీ తగిలే పెద్ద పలక) పోయిందన్నారు, ఏ బోర్డు వేయించాలి అని. దేవరకొండ తమ్ముడు అన్ని వివరాలూ రాశాడు కాబట్టి ఎక్కువ చోటు ఆయనకే ఇస్తున్నాను. మిగతావాళ్లు ఏమీ అనుకోకుండా అది కూడా చదవండి, మీక్కావాల్సింది అందులో కొంత ఉంది.

ప్రశ్న: అక్కా నమస్తే. దేవరకొండలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తాను. 2012లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్. ఐ3 2100 ప్రాసెసర్, ఇంటెల్ డీహెచ్61డబ్ల్యూడబ్ల్యూ బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 7. పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, పదేళ్ల పాత పత్రికల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. పోయిన వారం నుంచి స్విచ్ నొక్కితే ఫ్యాను కాస్త తిరిగి ఆగిపోతోంది. మెకానిక్ చూసి బోర్డు పోయిందన్నాడు. కొత్త డబ్బాలో వచ్చే హెచ్61 బోర్డు 3,200 అట, ఏడాది వారంటీ. సెకండ్ హ్యాండ్ ఇంటెల్ బోర్డు 2,000 అట, నెల రోజులు టెస్టింగ్ వారంటీ. రెండూ వద్దనుకుంటే 11,000 పెట్టి రీఫర్బిష్డ్ సెట్టు, అంటే బాగుచేసి అమ్మే పాత సెట్టు, తీసుకోమన్నాడు. శ్రావణం వస్తే ముహూర్తాలు మొదలు, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, మూడు దారుల సంగతి తర్వాత. బోర్డు పోయిందని మీ మెకానిక్ ఎట్లా తేల్చాడు? మీ ఉత్తరంలో అది లేదు. ఫ్యాను తిరిగి ఆగిపోవడం ఒక్క బోర్డు లక్షణమే కాదు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) నీరసించినా అంతే, ర్యామ్ కదిలినా అంతే. ఇంకొకటి చెబితే నవ్వుతారు. క్యాబినెట్ ముందున్న పవర్ బటన్ దుమ్ము పట్టి లోపలికి నొక్కుకుపోయి ఇరుక్కుంటే, నాలుగు సెకన్లు నొక్కి పట్టుకున్నట్టు లెక్క. కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. పోయినేడు చిట్యాల నుంచి ఒకాయన బోర్డు మార్చమని సెట్టు మోసుకొచ్చాడు. బటన్‌కు పోయే రెండు పిన్నుల తీగ పీకి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించాను. విండోస్ వచ్చేసింది. బటన్ కడిగి ఆరబెట్టి ఇచ్చి యాభై రూపాయలు తీసుకున్నాను. దారి ఖర్చు ఆయనకు అంతకంటే ఎక్కువే అయి ఉంటుంది.

అందుకని మీరు ఇట్లా చేయండి. హార్డ్‌డిస్కు, డీవీడీ డ్రైవు, ముందు యూఎస్‌బీలు, బటన్ తీగలు అన్నీ పీకేయండి. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ మాత్రమే ఉంచండి. ర్యామ్ బంగారు పళ్లను పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతో తుడవండి, గరుకు కాగితం మాత్రం వద్దు. ప్రాసెసర్ పక్కన పసుపు, నలుపు తీగలతో వచ్చే నాలుగు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, అది గట్టిగా కూర్చుందో లేదో చూడండి. అది ఊడితే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. ఇప్పుడు స్క్రూడ్రైవర్‌తో పిన్నులు తాకించి చూడండి. అయినా రాకపోతే ఎస్‌ఎంపీఎస్ దగ్గరికి పోవాలి.

ఇక్కడ కొంచెం ఆగి నేను తిన్న దెబ్బ చెప్పాలి. 2016లో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ల కంప్యూటర్, సరిగ్గా మీలాంటిదే, బోర్డు పోయిందని తేల్చాను. సెకండ్ హ్యాండ్ బోర్డు వేశాను. తొమ్మిదో రోజు అదీ పోయింది. బోర్డు అమ్మినవాడి మీద కోపమొచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడి ఇంకో బోర్డు తెచ్చుకున్నాను. దాన్ని బిగించే ముందు ఎందుకో అనుమానం వచ్చి మీటర్ పెట్టాను. ఊదారంగు తీగ మీద 5 వోల్టులు ఉండాలి. ఆరు దాటి చూపించింది! ఆ తీగ స్టాండ్‌బై తీగ. కంప్యూటర్ ఆపేసినా గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ బోర్డుకు కరెంటు ఇస్తూనే ఉంటుంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లో ఆ సర్క్యూట్ దగ్గరుండే చిన్న కెపాసిటర్ ఎండిపోతే వోల్టేజీ పైకి పాకుతుంది. రాత్రంతా అందరూ పడుకున్నాక బోర్డును కాలుస్తూ కూర్చుంటుంది. ముందు బోర్డు కూడా దానివల్లే పోయిందేమో, ఇప్పుడు చెప్పలేను. చెడిన బోర్డు డబ్బు నేనే పెట్టుకున్నాను. అమ్మినవాడికి క్షమాపణ చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

మా నాయన రేడియోలు బాగుచేసేవాడు. ఏ సెట్టు వచ్చినా ముందు పవర్ సప్లై దగ్గర మీటర్ పెట్టనిదే ఇంకో పార్టు ముట్టుకునేవాడు కాదు. అదే బల్ల మీద కూర్చుని ఆ అలవాటు నేను మరిచాను.

ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు నుంచి పూర్తిగా విడదీసి చూడాలి. పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగను పక్కనున్న నల్లతీగతో క్లిప్పు పెట్టి కలిపితే అది తనంతట తాను మొదలవుతుంది. లోడ్ కోసం పనికిరాని హార్డ్‌డిస్కో డీవీడీ డ్రైవో తగిలించండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ మీద 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. ఊదారంగుకు కూడా ఎరుపు లెక్కే. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఎస్‌ఎంపీఎస్ పక్కన పెట్టేయండి. దాని డబ్బా మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్లు కొట్టగలవు. మీటర్ పట్టడం రాకపోతే మెకానిక్‌ను మీ ముందే పట్టమనండి. సణిగితే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి.

ఇంత చేశాక కూడా బోర్డే అని తేలితే, అప్పుడు ఏ బోర్డు అన్నది చూద్దాం.

మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు 1155. ఈ అంకె చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎందుకంటే ఇంటెల్ వాళ్లు 2009లో 1156 అన్నారు, 2011లో 1155 అన్నారు, 2013లో 1150, 2015లో 1151 అన్నారు. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పట్టదు, పక్కనుండే గాట్లే కలవవు. చిత్రమేమిటంటే ఈ నాలుగింటికీ ఫ్యాను బిగించే రంధ్రాల దూరం మాత్రం ఒకటే. పాత ఫ్యాను చక్కగా కూర్చుంటుంది కాబట్టి బోర్డు కూడా సరిపోయిందనుకుంటారు. ఐ3 అంటే ఐ3యే కదా అని 1150 సాకెట్ ఉన్న హెచ్81 బోర్డు తెచ్చుకుని ప్రాసెసర్‌ను వేలితో అదిమినవాళ్లను చూశాను. సాకెట్ పిన్నులన్నీ పడుకున్నాయి.

1155లో మీకు హెచ్61 గానీ బి75 గానీ నడుస్తుంది. ఇవి చిప్‌సెట్ పేర్లు, అంటే బోర్డును నడిపే ముఖ్యమైన చిప్పువి. బి75 దొరికితే వదలకండి. యూఎస్‌బీ 3.0 ఉంటుంది, హార్డ్‌డిస్కు తగిలించే వేగమైన సాటా పోర్టు ఒకటి ఉంటుంది. హెచ్61 చిప్‌సెట్‌లో ఆ రెండూ లేవు. అయినా మీ పనికి హెచ్61 చాలు, దాని మీద ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు బదులు వాడే వేగమైన డిస్కు) పెట్టినా సెకనుకు 300 ఎంబీ దాకా అందుకోగలదు, మీ పెళ్లి పత్రిక ఫైలు అందులో వందో వంతు ఉండదు. మీ దగ్గరున్న డీడీఆర్3 ర్యామే వాడుకోవచ్చు. మీది రెండో తరం ఐ3 కాబట్టి ఏ హెచ్61 అయినా గుర్తుపడుతుంది. మూడో తరం వాళ్లయితే బోర్డులో బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సొంత ప్రోగ్రాం) పాతదేమో అడిగి తీసుకోవాలి, లేకపోతే బోర్డు బాగానే ఉండి కూడా డిస్‌ప్లే రాదు. ఎవరైనా పి67, హెచ్67 బోర్డు చవకగా ఇస్తామంటే దాని మీద బి3 అని ఉందో లేదో చూడాలి. ఆ చిప్‌సెట్ మొదటి విడతలో సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ నీరసిస్తాయని ఇంటెల్ వాళ్లే 2011 జనవరి చివర ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. బి3 అంటే సరిచేసిన విడత.

ఇప్పుడు అసలు పంచాయితీ. కొత్త డబ్బా 3,200కా, పాత ఇంటెల్ 2,000కా?

నేనైతే పాతదే అంటాను. కొత్త డబ్బాలో ఉన్నది కొత్త వస్తువేనని మీరు అనుకుంటున్నారు, అక్కడే తేడా. 2011 నాటి చిప్‌సెట్‌తో ఇప్పుడు కొత్త బోర్డులు వస్తున్నాయంటే ఆ చిప్పులు ఎక్కడివి? పాత బోర్డుల నుంచి పీకి శుభ్రం చేసి కొత్త ప్లేటు మీద అతికించినవి వీటిలో ఉంటాయి. ప్లేటు కొత్తది, డబ్బా కొత్తది, గుండెకాయ పాతది. చాలావాటిలో ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే భాగం పలచగా ఉంటుంది. లాన్ (నెట్ తీగ పెట్టే పోర్టు) గిగాబిట్ బదులు 100 ఎంబీపీఎస్‌దే పెడతారు. బయోస్ అప్‌డేట్ కావాలంటే ఎక్కడ వెతకాలో అమ్మినవాడికే తెలియదు. అన్నీ చెడ్డవని అనను. నేనే 2021లో నాలుగు వేశాను. రెండు ఇప్పటికీ కిరాణా దుకాణాల్లో బిల్లులు కొడుతున్నాయి. ఒకదానికి మూడో నెలలో సౌండ్ పోయింది, వాళ్లు పట్టించుకోలేదు. నాలుగోది ఐదో నెలలో పూర్తిగా పోయింది. వారంటీ కింద పంపితే నలభై రోజులకు బదులు బోర్డు వచ్చింది, దాని మీద అప్పటికే ఎవరిదో స్టిక్కర్ చింపిన మచ్చ ఉంది. ఏడాది వారంటీ అబద్ధం కాదు తమ్ముడూ. కానీ శ్రావణ మాసంలో నలభై రోజులు షాపు మూసుకుని కూర్చోవడానికి మీరు సిద్ధమేనా?

పాత ఇంటెల్ బోర్డులో ఇంకో లాభం ఉంది. 2013లో డెస్క్‌టాప్ బోర్డుల తయారీ నుంచి తప్పుకుంటున్నామని ఇంటెల్ ప్రకటించింది, కాబట్టి ఇప్పుడు కొత్తవి దొరకవు. కానీ డీహెచ్61డబ్ల్యూడబ్ల్యూ అప్పట్లో మన దగ్గర బాగా పోయింది, ఆఫీసులు పాత సెట్లు వదిలించుకున్నప్పుడల్లా బయటికొస్తుంది. అదే మోడల్ దొరికితే మీ హార్డ్‌డిస్కు తగిలించగానే విండోస్ 7కు తేడా పెద్దగా తెలియదు, డ్రైవర్లు వెతికే పని లేదు. వేరే మోడల్ పెట్టి బ్లూ స్క్రీన్ మీద 7బి అని అంకె కనిపిస్తే కంగారుపడి విండోస్ మళ్లీ వేయించకండి. బయోస్‌లోకి పోయి సాటా మోడ్ చూడండి. ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈ, ఐడీఈ ఉంటే ఏహెచ్‌సీఐ చేయండి. పాత బోర్డులో ఉన్నదే ఇందులోనూ పెడితే చాలాసార్లు ఎక్కేస్తుంది. విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడగొచ్చు, అది వేరే సంగతి. వీటన్నిటికంటే ముందు ఆ హార్డ్‌డిస్కును ఇంకో కంప్యూటర్‌కు తగిలించి పదేళ్ల ఫైళ్లు కాపీ చేసుకోండి. బోర్డు మళ్లీ దొరుకుతుంది. ఆ ఫైళ్లు దొరకవు.

మీ మెకానిక్ దగ్గరున్న 2,000 బోర్డు చూసి నచ్చకపోతే సికింద్రాబాద్ వెళ్లండి. పార్క్‌లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ ఒక పూట తిరిగితే మూడు నాలుగు కనిపిస్తాయి. మీ ప్రాసెసర్, మీ ర్యామ్ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని తీసుకుపొండి, చొక్కా జేబులో కాదు. బోర్డు చేతిలోకి తీసుకోగానే సాకెట్ మూత తీసి ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి చూడండి. పిన్నులు నారు మడిలో వరసల్లా ఒకే తీరుగా మెరవాలి. ఒక్కటి వేరే వైపు వాలినా, నల్లగా మాడినా తీసుకోకండి. మూతే లేకుండా బోర్డులను ఒకదాని మీద ఒకటి పేర్చిన చోట నేను బేరం కూడా చేయను. కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి, ఉబ్బకూడదు, కింద గోధుమరంగు జిగురు కారకూడదు. బోర్డు తిప్పి వెనక చూడండి. ఒకచోట మాత్రం సోల్డరింగ్ కొత్తగా మెరుస్తూ, చుట్టూ పసుపు మరక ఉంటే దానికి ముందే ఆపరేషన్ అయిందన్న మాట. బోర్డు మొత్తం కడిగి మెరిపించారంటే మెచ్చుకోనక్కర్లేదు, ఎందుకు కడిగారో అడగండి.

తర్వాత మీ ప్రాసెసర్ పెట్టి ఆన్ చేయమనండి. ర్యామ్ రెండు స్లాట్లలోనూ మార్చి చూడాలి, ఒక స్లాట్ చచ్చిన బోర్డులే ఎక్కువ. వెనక యూఎస్‌బీలన్నిటికీ మౌస్ తగిలించి చూడండి. లాన్ తీగ పెడితే లైటు వెలగాలి. సౌండ్ వినండి. బయోస్‌లో తేదీ పెట్టి, ఆపి, ప్లగ్గు తీసి, చాయ్ తాగి వచ్చి మళ్లీ చూడండి. తేదీ నిలబడకపోతే బోర్డు మీది గుండ్రటి సెల్ మార్చి మళ్లీ చూడమనండి. కనీసం గంట నడవనివ్వండి. గంట నడపనివ్వనివాడు నెల రోజుల వారంటీ ఇస్తానంటే నమ్మకండి. వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు అడిగి తీసుకోండి, చాలామంది మర్చిపోతారు, ఆ సందులోంచి బల్లులు పోతాయి.

బిగించేటప్పుడు కూడా ఒక కన్నేసి ఉంచండి. క్యాబినెట్‌లో బోర్డును ఎత్తి పట్టే ఇత్తడి స్టడ్లు బోర్డు రంధ్రాల కింద మాత్రమే ఉండాలి. పాత బోర్డుకు వాడిన స్టడ్డు ఒకటి ఎక్కువగా మిగిలి కొత్త బోర్డు వీపుకు తగిలితే షార్ట్ అయిపోతుంది.

ఇంకో ఖర్చు కూడా చెబుతాను. ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉందని మీటర్ చెప్పినా 2012 నాటిదైతే మార్చేయండి. 2,000 పెట్టి బోర్డు తెచ్చి, దానికంటే ఎక్కువ పెట్టి మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కొనమంటే మా వీధిలో నవ్వుతారు. నవ్వనివ్వండి. మీ ఐ3 ఎక్కువలో ఎక్కువ 65 వాట్లది, మొత్తం సెట్టు వంద వాట్లు దాటదు, పెద్ద అంకె మీకు అక్కర్లేదు. చవక డబ్బా మీద 450 అని అచ్చు వేయడానికి ఎవరికీ ఖర్చు కాదు. రెండు డబ్బాలూ చేతిలోకి తీసుకుని తూచి చూడండి, లోపల ఎంత సామాను ఉందో చెయ్యే చెబుతుంది.

రీఫర్బిష్డ్ సెట్టు చెడ్డ సలహా కాదు, సమయం చెడ్డది. కొత్త సెట్టులో పేజ్‌మేకర్, పాత తెలుగు ఫాంట్లు మళ్లీ కుదుర్చుకునేసరికి సగం శ్రావణం పోతుంది. ముహూర్తాలయ్యాక తీసుకోండి. కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్నదైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది కాబట్టి ఆ పాత సెట్టులో మెయిళ్లు, బ్యాంకు పనులు పెట్టుకోకండి. పత్రికలకు మాత్రం ఉంచుకోండి.

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తాను మేడం. వేబ్రిడ్జి కంప్యూటర్ బోర్డు పోతే కొత్తది వేశారు. కాంటా తీగ పెట్టే తొమ్మిది పిన్నుల పోర్టు దీనికి లేదు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పోర్టూ లేదు. బోర్డు వాపసు తీసుకోమంటే అమ్మినవాడు ఒప్పుకోవడం లేదు. లారీలు లైన్‌లో ఉన్నాయి.

జవాబు: అన్నా, బోర్డు కొనేముందు వెనక ఏమేం తీగలు తగిలి ఉన్నాయో ఫోటో తీసి చూపించి ఉంటే ఈ పరేషాన్ ఉండేది కాదు. అయినా వాపసు అక్కర్లేకపోవచ్చు. బోర్డు అంచున కాం (COM) అని రాసిన పిన్నుల గుంపు ఉందేమో చూడండి, రెండు వరసల్లో తొమ్మిది పిన్నులు ఉంటాయి, పదోది ఖాళీ. వెనక పోర్టు లేకపోయినా చాలా బోర్డుల్లో ఇది ఉంటుంది. దానికి తగిలించే తీగ, వెనక స్లాట్‌లో బిగించే పట్టీతో కలిపి వంద రెండు వందలకు దొరుకుతుంది. ఒక చిక్కు ఉంది. ఆ పట్టీల్లో తీగల వరస రెండు రకాలుగా వస్తుంది, పైకి చూస్తే తేడా తెలియదు. మొదటిది పెట్టి బరువు రాకపోతే బోర్డును తిట్టకుండా రెండో రకం పెట్టి చూడండి. నేను రెండూ తెచ్చి పెట్టుకుంటాను.

ఆ పిన్నులు కూడా లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ వాడొచ్చు. అది తగిలించాక డివైస్ మేనేజర్‌లో దానికి కాం 5, కాం 7 అని ఏదో అంకె వస్తుంది. మీ కాంటా సాఫ్ట్‌వేర్ కాం 1 కోసమే చూస్తుంటే అక్కడే కాం 1గా మార్చాలి. 9600 లాంటి స్పీడు అంకె బరువు చూపే ఇండికేటర్‌లో ఏది ఉందో కంప్యూటర్‌లోనూ అదే ఉండాలి.

ప్రింటర్ సంగతి కొంచెం మొండిది. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకు మార్చే తీగతో విండోస్ ప్రోగ్రాములు ప్రింట్ ఇస్తాయి. మీది నల్ల తెర మీద నడిచే పాత డాస్ ప్రోగ్రామైతే అది నేరుగా ఎల్‌పీటీ 1కే (పాత ప్రింటర్ పోర్టు పేరు) పంపుతుంది, ఈ తీగను గుర్తుపట్టదు. అప్పుడు ప్రింటర్‌ను షేర్ చేసి ఎల్‌పీటీ 1ను దానికి మళ్లించాలి. మీ మెకానిక్‌కు నెట్ యూజ్ కమాండ్ అంటే తెలుస్తుంది. తెలియకపోతే పారలల్ పోర్టు కార్డు వేయించండి. పాత కార్డు తీసి వేద్దామంటే మాత్రం కొత్త బోర్డులో తెల్లటి పొడుగు పీసీఐ స్లాట్ ఉందో లేదో చూసుకోవాలి. హెచ్61 చిప్‌సెట్ తనంతట పీసీఐ ఇవ్వదు, వేరే చిప్పు పెట్టిన బోర్డుల్లోనే ఆ స్లాట్ ఉంటుంది.

మిల్లు గదిలో కంప్యూటర్‌ను నేల మీద పెట్టకండి. ఊక దుమ్ము ఫ్యాను కింద దుప్పటిలా పరుచుకుంటుంది, ఉరుములప్పుడు కాంటా తీగ పీకి పెట్టండి.

ప్రశ్న: వనపర్తి. ఆఫీసు వేలంలో కొన్న డెల్ ఆప్టిప్లెక్స్ 3020 చిన్న సైజుది. బోర్డు పోయింది. బజారులో దొరికే మామూలు హెచ్81 బోర్డు వేయించొచ్చా?

జవాబు: కుదరదు సార్. చిప్‌సెట్ పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకు వచ్చే పెద్ద ప్లగ్గు ఎనిమిది పిన్నులది, బజారు బోర్డుకు ఇరవై నాలుగు కావాలి. ముందు బటన్ తీగ వేరు, స్క్రూ రంధ్రాలూ వెనక రేకూ వేరు. పాత బోర్డు మీద చిన్న స్టిక్కర్‌లో పార్ట్ నంబర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకుని అదే నంబర్ బోర్డు వెతకండి. 3020లోనే పెద్ద సైజు దానికి బోర్డు వేరు, చిన్నదానికి వేరు, అక్కడ మోసపోకండి. వేలం సెట్లు విడదీసి అమ్మేవాళ్ల దగ్గర ఇవి దొరుకుతాయి. వెయ్యి పదిహేను వందల్లో వస్తే తీసుకోండి. మూడు వేలు అడిగితే అదే మోడల్ పూర్తి సెట్టు ఎంతకు వస్తుందో ముందు కనుక్కోండి, మిగిలినదంతా స్పేర్‌గా పడి ఉంటుంది.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ నుంచి. కోర్ 2 డ్యుయో, జి41 బోర్డు పోయింది. కొత్త జి41 బోర్డు 2,200 అంటున్నారు. మా పాప ఇంటర్, ఎక్సెల్ నేర్చుకుంటుంది.

జవాబు: వద్దు. ఆ డబ్బు అట్లాగే ఉంచి, ఇంకొంత కలిపి ఎస్‌ఎస్‌డీ ఉన్న పాత ఐ5 సెట్టు చూడండి. ఎంత పాతదైనా మీ దానికంటే నయం. పాపకు ఎదురుచూసే బాధ తప్పుతుంది. ఇంట్లో వేరే కారణం ఉండి బోర్డే వేయించాలనుకుంటే జి41లో డీడీఆర్2 వాటికి, డీడీఆర్3 వాటికి బోర్డులు వేరువేరుగా వచ్చాయి, మీ ర్యామ్ ఏదో చూసుకోండి.

ప్రశ్న: గద్వాలలో ఇంటర్నెట్ సెంటర్ నాది. రోజూ పొద్దున ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ 2010కి పోతుంది, ఏ వెబ్‌సైటూ సురక్షితం కాదని తెరవనివ్వదు. వైరస్ అని ఒకరు, బోర్డు అని ఒకరు.

జవాబు: బోర్డు మీద గుండ్రటి సెల్ ఉంటుంది, సీఆర్2032. 3 వోల్టులది. అది అయిపోయింది. తేదీ వెనక్కి పోతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు తప్పుగా కనిపిస్తాయి, అందుకే తెరవనివ్వడం లేదు. కిరాణా కొట్లో కాకుండా గడియారాల దుకాణంలో మంచి కంపెనీది తీసుకోండి. మార్చాక తేదీ, టైము పెట్టి, బయోస్‌లో సాటా మోడ్ మారిందేమో కూడా ఒకసారి చూసి సేవ్ చేయండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో టీచర్‌ను. పిడుగు పడ్డ రోజు నుంచి లాన్ పోర్టులో లైటు వెలగడం లేదు. మిగతా అంతా బాగుంది. బోర్డు మార్చాలన్నారు.

జవాబు: మార్చొద్దు సార్. పిడుగు దెబ్బ బ్రాడ్‌బ్యాండ్ తీగ మీదుగా వచ్చి లాన్ చిప్పును మాత్రమే తీసుకుపోయి ఉంటుంది. ముందు తీగను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, రౌటర్ పోర్టు బతికే ఉందో లేదో చూడండి, ఒక్కోసారి రెండు వైపులా పోతాయి. రౌటర్ బాగుంటే చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లాన్ కార్డు వేయించండి, ఐదారు వందలు. రియల్‌టెక్ చిప్పుదైతే విండోస్ చాలావరకు తనంతట గుర్తుపడుతుంది. స్లాట్ లేకపోతే యూఎస్‌బీ లాన్ తీసుకోండి. కార్డు బిగించాక బయోస్‌లోకి పోయి పాత లాన్‌ను డిసేబుల్ చేయండి. కాలిన చిప్పు విండోస్‌కు ఒకసారి కనిపిస్తూ, ఒకసారి మాయమవుతూ సెట్టును ఆగి ఆగి నడిపిస్తుంది. డిసేబుల్ చేశాక కూడా ఆ చిప్పు మీద వేలు పెట్టి చూడండి. కాలుతుంటే మాత్రం సెట్టు నా దగ్గరికి పంపండి, ఆ చిప్పు పీకేసి ఇస్తాను.